అరవై చోట్ల అప్లై చేశాను, ఒక్క ఫోనూ రాలేదు మేడమ్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ: నర్సింగ్ చదివాం, హాస్పిటల్స్ అన్నింటికీ పంపాం, ఎవరూ పిలవడం లేదు. నేను ముప్పై ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా ఉండి కొన్ని వందల మంది పిల్లలని ఇంటర్వ్యూ చేశాను. బల్లకి ఆ పక్కన కూర్చున్నప్పుడు ఏం చూసేదాన్నో అదే చెప్తాను.

ప్రశ్న: మేడమ్, మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక ఇక్కడే 45 పడకల నర్సింగ్ హోమ్‌లో రెండున్నరేళ్లుగా చేస్తున్నాను. హైదరాబాద్, విజయవాడ కార్పొరేట్ హాస్పిటల్స్‌కి ఆన్‌లైన్‌లో అరవై దాకా అప్లికేషన్లు పెట్టాను. ఒక్క ఫోన్ రాలేదు. బీఎస్సీ కాదనా? చిన్న హాస్పిటల్ అనా? నా రెజ్యూమె కూడా పంపుతున్నాను, చూసి చెప్పండి.

జవాబు: చూశానమ్మా, రెండుసార్లు చదివాను. నీ రెజ్యూమెలో పై సగం అంతా ‘కష్టపడి పనిచేసే తత్వం, సంస్థ ఎదుగుదలకి తోడ్పడాలనే ఆశయం’ అని ఉంది, కింద నాన్నగారి పేరు, మతం, హాబీలు ఉన్నాయి, మధ్యలో ఒకే ఒక్క లైను: ‘స్టాఫ్ నర్స్, రెండున్నర సంవత్సరాలు’. రెండున్నరేళ్ల చాకిరీకి ఒక్క లైను! నువ్వు ఏ వార్డులో చేశావు, షిఫ్టుకి ఎంతమంది పేషెంట్లని చూశావు, నీ చేతులతో ఏమేం చేయగలవు, ఒక్కటీ లేదు. నేనైనా పిలిచేదాన్ని కాదు, ఎందుకంటే పిలవడానికి అందులో ఏమీ దొరకలేదు.

అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను. నీ అప్లికేషన్ ముందు హెచ్ఆర్‌లో ఉన్న ఒక అమ్మాయికో అబ్బాయికో వెళ్తుంది. వాళ్లకి నర్సింగ్ తెలియదు. వాళ్ల దగ్గర నాలుగైదు గడులే ఉంటాయి: ఏం చదివింది, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా, ఏ డిపార్ట్‌మెంట్, ఎన్నేళ్లు, ఎప్పుడు చేరగలదు. ఆ గడులు నిండినవే మా నర్సింగ్ ఆఫీసుకి వచ్చేవి. మా దగ్గర గోడ మీద డ్యూటీ రోస్టర్ ఉంటుంది, అందులో ఖాళీలు ఉంటాయి. ఐసీయూలో ఇద్దరు మానేశారు, పోస్టాప్‌లో, అంటే ఆపరేషన్ తర్వాత ఉంచే వార్డులో, ఒకమ్మాయి మెటర్నిటీ లీవ్, ఎమర్జెన్సీలో నైట్ షిఫ్టుకి మనిషి లేదు. మేము ఆ ఖాళీలో సరిపోయే మనిషి కోసం వెతుకుతాం. ‘కష్టపడే తత్వం’ ఏ ఖాళీలో సరిపోతుందో మాకు తెలియదు కదా. ‘పోస్టాప్‌లో రెండేళ్లు, షిఫ్టుకి పన్నెండు మంది పేషెంట్లు’ అని ఉంటే వెంటనే తెలుస్తుంది.

అందుకని పైన ఉన్నదంతా తీసెయ్యి. పేరు, ఫోన్ నంబర్, దాని కిందే రిజిస్ట్రేషన్ నంబర్, ఏ రాష్ట్ర కౌన్సిల్, ఎప్పటిదాకా చెల్లుతుంది. ఆ తర్వాత నీ పని. నువ్వు ఉత్తరంలో రాసిన దాన్నిబట్టే నేను ఇలా రాశాను, తప్పులుంటే దిద్దుకో:

‘45 పడకల హాస్పిటల్, పోస్ట్ ఆపరేటివ్ వార్డు ఏడాదిన్నర, క్యాజువాలిటీ ఏడాది. షిఫ్టుకి 12 నుంచి 14 మంది పేషెంట్లు. సిజేరియన్, హెర్నియా, హిస్టరెక్టమీ పేషెంట్ల పోస్టాప్ కేర్. ఐవీ కాన్యులా, రైల్స్ ట్యూబ్, ఫోలీస్ కాథెటర్ స్వయంగా వేస్తాను. ఈసీజీ తీస్తాను. సిరంజి పంపు వాడతాను. రక్తం ఎక్కించేటప్పుడు పేషెంటుని దగ్గరుండి చూసుకున్నాను. రాత్రి డ్యూటీల్లో వార్డుకి నేనొక్కదాన్నే నర్సుని.’

ఆ చివరి వాక్యం నీ ఉత్తరంలో ఎక్కడో మూలన, ఫిర్యాదులాగా రాశావు. అది ఫిర్యాదు నిజమే, అలా ఒక్కదాన్నే వదిలేయడం తప్పే. కానీ రాత్రి రెండు గంటలకి బీపీ పడిపోయిన పేషెంటుని చూసి, డాక్టర్‌ని ఫోన్‌లో లేపి, ఏం జరుగుతోందో సరిగ్గా చెప్పి, ఆర్డర్ తీసుకుని, పేషెంటుని నిలబెట్టిన అమ్మాయి అంటే నాలాంటి వాళ్లు కుర్చీలోంచి లేచి మరీ మాట్లాడతారు. పెద్ద హాస్పిటల్లో పక్కన ముగ్గురు సీనియర్లు ఉండగా పనిచేసిన వాళ్లకి ఆ అనుభవం దొరకదు. చిన్న హాస్పిటల్ అని సిగ్గుపడకు, అందులో ఏం చేశావో చెప్పు.

రాయని వాటి గురించి కూడా ఒక మాట. వెంటిలేటర్ చూసి ఉంటే ‘చూశాను’ అని, నడిపి ఉంటే ‘నడిపాను’ అని రాయి. రెండూ ఒకటి కాదు, ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

బీఎస్సీ కాదనా అని అడిగావు. కొన్ని చోట్ల బీఎస్సీ వాళ్లకి మొగ్గు ఉంటుంది, కాదనను. కానీ ప్రైవేటు హాస్పిటల్స్‌లో వార్డులు, ఐసీయూలు నడిపిస్తున్న వాళ్లలో జీఎన్ఎం పిల్లలు చాలామంది ఉన్నారు. నీకు అసలు అడ్డం వేరే ఉంది, అది నువ్వు గమనించినట్టు లేదు. నీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌ది. హైదరాబాద్‌లో హెచ్ఆర్ వాళ్లు తెలంగాణ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడుగుతారు. దానికి ఆంధ్ర కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని తెలంగాణలో నమోదు చేయించుకోవాలి, టైమ్ పడుతుంది. కాబట్టి హైదరాబాదే వెళ్లాలని గట్టిగా ఉంటే ఆ పని ఇప్పుడే మొదలుపెట్టు, రెజ్యూమెలో ‘తెలంగాణ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేశాను’ అని తేదీతో రాయి. విజయవాడ, గుంటూరు అయితే ఈ గొడవే లేదు, ముందు అక్కడ గట్టిగా ప్రయత్నించు.

ఇంకోటి. ఎయిమ్స్ వాళ్ల నర్సుల నియామక పరీక్ష, నార్‌సెట్, రాయాలనుందని కూడా అన్నావు. జీఎన్ఎం వాళ్లకి రెండేళ్ల అనుభవం అడుగుతారు, అదీ కనీసం 50 పడకల హాస్పిటల్లో. మీది 45 పడకలది. అంటే నువ్వు అక్కడ ఇంకో మూడేళ్లు చేసినా మంగళగిరి ఎయిమ్స్ కోసం అది లెక్కలోకి రాదు. ఇది చదివి బాధపడతావని తెలుసు, కానీ ఇప్పుడే తెలియడం మంచిది. మారే హాస్పిటల్లో పడకలు ఎన్నో ముందే కనుక్కో, మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్ మీద పడకల సంఖ్య, నీ డిపార్ట్‌మెంట్, తేదీలు వేయించుకో.

ఆన్‌లైన్‌లో అరవై పెట్టావు సరే, మనిషిగా ఎన్ని చోట్లకి వెళ్లావు? ఉత్తరంలో ఆ మాటే లేదు. నర్సింగ్ ఉద్యోగాలు ఇప్పటికీ చాలావరకు వాక్-ఇన్‌లోనే నిండుతాయి, లేకపోతే లోపల పనిచేస్తున్న అమ్మాయి ‘మా బ్యాచ్‌మేట్ ఉంది మేడమ్, బాగా చేస్తుంది’ అని చెప్తే నిండుతాయి. నీ క్లాస్‌లో యాభై, అరవై మంది చదివి ఉంటారు, వాళ్లలో కనీసం పది మంది పెద్ద హాస్పిటల్స్‌లో ఉంటారు, ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి ‘మీ దగ్గర ఏ యూనిట్‌లో ఖాళీ ఉంది?’ అని అడుగు. ‘జాబ్ ఉందా’ అని అడిగితే ‘చూస్తానే’ అంటారు, అంతే. యూనిట్ పేరు పెట్టి అడిగితే వాళ్ల ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని కనుక్కుని చెప్తారు.

వెళ్లినప్పుడు పొద్దున్నే ఎనిమిదింటికి వెళ్లకు. అప్పుడు హ్యాండోవర్, ఆ వెంటనే రౌండ్లు, ఎవరికీ నీ మొహం చూసే తీరిక ఉండదు. పదకొండు దాటాక వెళ్లు. హెచ్ఆర్‌లో కాగితం ఇచ్చి, ‘నర్సింగ్ సూపరింటెండెంట్ గారిని రెండు నిమిషాలు కలవవచ్చా?’ అని మర్యాదగా అడుగు. పదిలో ఏడు చోట్ల కుదరదంటారు. కుదిరిన మూడు చోట్ల నువ్వు ఒక కాగితం కాకుండా ఒక మనిషివి అవుతావు.

టైమ్ కూడా చూసుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు. 2024 జనవరి చివర తెలంగాణ ప్రభుత్వం ఒక్కసారిగా దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకి నియామక పత్రాలు ఇచ్చింది. వాళ్లలో ఎంతోమంది అప్పటిదాకా ప్రైవేటులో చేస్తున్న పిల్లలే. అలాంటప్పుడు ప్రైవేటు హాస్పిటల్స్‌లో యూనిట్లకి యూనిట్లు ఖాళీ అవుతాయి, సూపరింటెండెంట్లకి నిద్ర ఉండదు. ప్రభుత్వ నోటిఫికేషన్ ఫలితాలు వచ్చిన వారం, కొత్త బ్లాకు తెరుస్తున్నారని తెలిసిన నెల, ఆ రోజుల్లో అప్లై చేసిన వాళ్లకి ఫోన్ ఆ సాయంత్రమే వెళ్తుంది.

ఈమెయిల్ సబ్జెక్టులో ‘జాబ్ అప్లికేషన్’ అని ఊరుకోకు. ‘స్టాఫ్ నర్స్, పోస్టాప్ మరియు క్యాజువాలిటీ, రెండున్నరేళ్లు, 30 రోజుల్లో చేరగలను’ అని రాయి. ఫోన్ నంబర్ మార్చకు. నేను ఒకసారి ఒక బంగారం లాంటి అమ్మాయిని అలాగే పోగొట్టుకున్నాను. పిల్లల ఐసీయూలో మూడేళ్ల అనుభవం, మాకు అప్పుడు సరిగ్గా అదే కావాలి, మూడు రోజులు ఫోన్ చేయించాను, స్విచ్ఛాఫ్. నాలుగో రోజు ఇంకొకరిని తీసుకున్నాం. తర్వాత రెండు నెలలకి ఆ అమ్మాయే వచ్చింది, సిమ్ మార్చానని చెప్పింది. అప్పటికి ఆ ఖాళీ లేదు. ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ అబ్బాయిని, జగిత్యాల జిల్లా. ఫ్రెషర్‌ని. ఎక్కడికి వెళ్లినా ‘ఎక్స్‌పీరియన్స్ ఉందా’ అంటారు, లేదా ‘లేడీస్ కావాలి’ అంటారు. తెలిసినాయన ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఏడాది అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

పట్టుబడతావనే భయం ఒక్కటే కాదు. ఏడాది అనుభవం ఉందని నమ్మితే మొదటి వారమే నీకు ఇద్దరు సీరియస్ పేషెంట్లని అప్పజెప్తారు, పక్కన ఎవరినీ పెట్టరు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ చేతిలో పెట్టి ఎవరైనా తొందర పెడితే, దాన్ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుందన్నది ఆ క్షణంలో గుర్తుకు రావాలి. ఫ్రెషర్‌నని చెప్పుకుంటే నీ మీద ఒక కన్ను వేసి ఉంచుతారు. ఆ కన్ను నీకూ కావాలి, పేషెంటుకీ కావాలి. ఇక పట్టుబడడం అంటావా, ఎన్ఏబీహెచ్ (హాస్పిటల్స్ నాణ్యతని చూసే సంస్థ) గుర్తింపు ఉన్న హాస్పిటల్స్ సర్టిఫికెట్లని ఇచ్చిన చోటే అడిగి సరిచూసుకోవాలి. రేపు గల్ఫ్‌కి వెళ్దామనుకుంటే సర్టిఫికెట్లు సరిచూసే డేటాఫ్లో సంస్థ వాళ్లు నీ కాలేజీకి, కౌన్సిల్‌కి, పనిచేశానన్న హాస్పిటల్‌కి విడివిడిగా రాసి అడుగుతారు. ఒక్క దొంగ కాగితంతో ఆ దారి మొత్తం మూసుకుపోతుంది.

ఫ్రెషర్ దగ్గర ఏమీ లేదని ఎవరన్నారు? నాలుగేళ్లు క్లినికల్ పోస్టింగ్స్‌కి తిరిగావు, చివర్లో ఇంటర్న్‌షిప్ చేశావు, నీ లాగ్ బుక్ ఎక్కడుంది? అది తీసి, ఏ హాస్పిటల్లో ఏ వార్డులో ఎన్ని వారాలు, ఏ ప్రొసీజర్ చూశావు, ఏది నీ చేత్తో చేశావు అన్నది రెజ్యూమెలో రాయి. బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, గుండె ఆగితే చేసే అత్యవసర సాయం) కోర్సు చేసెయ్యి, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రెండేళ్లు చెల్లుతుంది. ఫ్రెషర్ దగ్గర ఆ కార్డు చూస్తే నాకు తెలిసేది ఒకటే, ఈ అబ్బాయి ఎవరూ చెప్పకుండానే తన డబ్బు పెట్టి నేర్చుకున్నాడు అని.

‘లేడీస్ కావాలి’ అన్న మాటకి నాకూ కోపం వస్తుంది. లేబర్ రూమ్‌కి, గైనిక్ వార్డుకి సరే. ఎమర్జెన్సీ, ఐసీయూ, డయాలిసిస్, క్యాథ్ ల్యాబ్, ఆర్థో, సైకియాట్రీ, వీటిలో బ్రదర్స్, అంటే మగ నర్సులు, లేకపోతే మాకే చేతులు విరిగినట్టుండేది. నువ్వు ‘స్టాఫ్ నర్స్ పోస్టుకి’ అని కాకుండా ‘డయాలిసిస్‌లో గానీ ఎమర్జెన్సీలో గానీ ఫ్రెషర్‌గా చేరతాను, నైట్స్‌కి సిద్ధం’ అని అడిగి చూడు. నార్‌సెట్‌లో ఎయిమ్స్ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకే, మగవాళ్లకి మిగిలేది 20, కాబట్టి దాని మీదే కూర్చుని ఏళ్లు పోగొట్టుకోకు. తెలంగాణ మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ బోర్డు 2024లో ఇచ్చిన నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో పరీక్షకి 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకి 20 పాయింట్ల దాకా ఉన్నాయి. మీ జిల్లాలో కాంట్రాక్టు పోస్టు పడితే జీతం తక్కువని వదిలేయకు, ఆ పాయింట్ల కోసమైనా చేరు.

ప్రశ్న: ఇంటర్వ్యూ అంటే టెన్షన్ మేడమ్. తెలుగు మీడియంలో చదువుకున్నాను, ఇంగ్లీషులో అడిగితే తెలిసింది కూడా చెప్పలేకపోతున్నాను. రెండుసార్లు అలాగే పోయింది. – ఆదిలాబాద్ పాఠకురాలు

జవాబు: ఇంగ్లీషులో అడుగుతారు, నిజమే. కానీ వాళ్లు వినేది నీ గ్రామర్‌ని కాదమ్మా. ‘500 ఎంఎల్ సెలైన్ ఎనిమిది గంటల్లో పోవాలి, నిమిషానికి ఎన్ని చుక్కలు?’ అని అడిగితే, ఎంఎల్‌కి 20 చుక్కల సెట్ అయితే పదివేలని 480తో భాగిస్తే దాదాపు 21 వస్తుంది. దానికి ఏ ఇంగ్లీషు కావాలి? సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకి 2 శ్వాసలు. బొమ్మ ముందు పెట్టి చేసి చూపించమంటారు, చేసి చూపించు. సూదులు ఏ డబ్బాలో, రక్తం అంటిన దూది ఏ సంచిలో అని అడుగుతారు: సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, దూది పసుపు సంచిలో.

నాకు ఒక ఇంటర్వ్యూ ఎప్పటికీ మరిచిపోలేనిది. అమ్మాయికి ఇంగ్లీషు రెండు వాక్యాలు కూడా సరిగా రాలేదు. ఒక మందు పేరు చెప్పి డోసు అడిగాను. కాసేపు ఆగి, ‘ఈ మందు నేను ఎప్పుడూ ఇవ్వలేదు మేడమ్, చూడకుండా ఇవ్వను, సీనియర్‌ని అడిగి, ఫార్మసీ వాళ్లని అడిగి, లేబుల్ చదివి ఇస్తాను’ అని తెలుగులోనే చెప్పింది. అంతకుముందు వచ్చిన ముగ్గురు చక్కటి ఇంగ్లీషులో ఏదో ఒక అంకె చెప్పారు, ముగ్గురిదీ తప్పే. ఆ అమ్మాయినే తీసుకున్నాను. నాలుగేళ్లలో ఐసీయూ ఇన్‌ఛార్జ్ అయింది.

అయినా ఇంగ్లీషు వదిలేయమనను, ఎందుకంటే కేస్ షీట్ రాయాలి, వేరే రాష్ట్రం డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పాలి. దానికి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకి పోకు. రోజూ ఒక పేషెంటుని ఊహించుకుని హ్యాండోవర్ బయటికి చెప్పు: ఎవరు, ఎందుకు చేరారు, ఇప్పుడు ఎలా ఉన్నారు, ఏం చేయాలి. ఈ నాలుగే. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. నెల రోజులు చేస్తే, ఇంటర్వ్యూలో అడిగే వాటిలో చాలావాటికి ఆ మాటలే సరిపోతాయి. ఏదైనా ప్రశ్న ఇంగ్లీషులో అర్థం కాకపోతే ‘మేడమ్, తెలుగులో చెప్పవచ్చా?’ అని అడిగెయ్యి. నేను ఎప్పుడూ కాదనలేదు.

ప్రశ్న: ఏడేళ్ల కిందట పిల్లల వార్డులో చేస్తూ మానేశాను, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు మళ్లీ చేరాలనుంది. ఈ గ్యాప్ ఎలా దాచాలి? – కర్నూలు

జవాబు: దాచకండి. ‘ఏడేళ్లుగా పిల్లల పెంపకం కోసం ఇంటి దగ్గర ఉన్నాను’ అని ఒక్క లైను రాయండి, సంజాయిషీ వద్దు. ఇంటర్వ్యూ చేసే వాళ్లలో సగం మంది తల్లులే. ముందు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఎక్కడుందో చూసుకోండి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ల ఎన్‌యూఐడీ (నర్సులకి ఇచ్చే జాతీయ గుర్తింపు) నంబర్ మీ పేరు మీద ఉందో లేదో చూసుకోండి, బీఎల్ఎస్ మళ్లీ చేయండి. మీరు మానేశాక మధ్యలో కోవిడ్ వచ్చి వెళ్లింది, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పద్ధతులు, హై ఫ్లో ఆక్సిజన్, కంప్యూటర్‌లో నోట్స్, ఇవన్నీ ఇప్పుడు రోజువారీ పనులు. ఇంటర్వ్యూలో మీరే ముందుగా ‘ఇవి నాకు కొత్త, రెండు వారాలు సీనియర్ పక్కన వేయండి’ అని అడగండి. పిల్లల హాస్పిటల్స్‌కే ముందు వెళ్లండి, ఏడుస్తున్న రెండేళ్ల పిల్లాడికి కాన్యులా వేసిన చేతులు ఏడేళ్లలో ఆ పని మరిచిపోవు. నైట్ డ్యూటీలు చేయలేనంటే అది మొదటే చెప్పండి, డే కేర్, ఓపీ, టీకాల విభాగం అడగండి. చేరాక చెప్తే గొడవవుతుంది.

ప్రశ్న: సెలెక్ట్ అయ్యాను, కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టి రెండేళ్ల బాండ్ రాయమంటున్నారు, జీతం 14 వేలు. చేరమంటారా? – రాజమండ్రి

జవాబు: ఒరిజినల్స్ ఇవ్వకమ్మా. చూపించు, వాళ్ల ఎదురుగా సరిచూసుకోనివ్వు, జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వు, అక్కడితో సరి. అవి వాళ్ల బీరువాలో ఉన్నంతకాలం నువ్వు ఇంకో ఇంటర్వ్యూకి కూడా వెళ్లలేవు. జీతం సంగతికొస్తే, సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు చిన్న హాస్పిటల్లో కూడా నర్సుకి నెలకి 20 వేలు తగ్గకూడదంది, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. అది సిఫార్సు, చాలాచోట్ల అమలు కాలేదు, అయినా ఆ అంకె తెలిసి మాట్లాడు. ఇంట్లో పరిస్థితి వల్ల 14 వేలకైనా చేరక తప్పదంటే చేరు, నిన్ను ఎవరూ తప్పు పట్టరు. కానీ ఐసీయూ గానీ ఓటీ గానీ పోస్టింగ్ అడిగి చేరు, బాండ్ కాగితం నకలు తెచ్చుకో, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎప్పుడిస్తారో అందులో రాయించు.

ప్రశ్న: సౌదీలో స్టాఫ్ నర్స్ ఉద్యోగం, రెండున్నర లక్షలు కట్టమంటున్నాడు ఏజెంట్. – నిజామాబాద్

జవాబు: కట్టకండి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే, దానికి రసీదు ఇవ్వాలి. అతని లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ఈ రోజే చూడండి. తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, విదేశాల్లో నర్సు ఉద్యోగాలకి వాళ్లు కూడా పంపుతున్నారు, హైదరాబాద్ ఆఫీసులో వివరాలు అడగండి. ఇప్పటికే డబ్బు కొంత ఇచ్చి ఉంటే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి, అవి తీసుకుని మీ పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.